కారు హీటర్ ఎంతకీ వేడెక్కకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో కారు నడిపినన్నాళ్లూ నాకు ఏసీ నాబ్‌లో నీలం వైపుతోనే పని. రెండో వైపు ఎర్ర గీత ఎందుకుందో పట్టించుకోలేదు. మిషిగన్ వచ్చాక ఓ డిసెంబరులో అమ్మను ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకొస్తున్నాను. శాలువా మీద శాలువా కప్పుకుని కూర్చున్న అమ్మ ఇరవై నిమిషాలు ఓపిక పట్టి, "ఏరా, ఇంత చలిలో ఏసీ ఎందుకు వేశావు?" అంది. నేను వేసింది హీటర్!

ఆ చలికాలమంతా ఆ పాత సెడాన్‌తో కుస్తీ పట్టాను. నోవై, ట్రాయ్, కాంటన్ వైపు ఉండే మన వాళ్లు మంచు మొదలవగానే అడిగే ప్రశ్నలకు, అప్పుడు చేతులు కాల్చుకుని నేర్చుకున్న జవాబులు ఇవి.

హీటర్ అంటే లోపల గీజర్‌లో ఉన్నట్టు కాయిల్ ఉంటుందా?

మామూలు పెట్రోలు కార్లలో ఉండదు. ఇంజిన్‌లో పెట్రోలు మండినప్పుడు పుట్టే వేడిలో చాలా భాగం వృథాగా పోతుంది. ఆ వేడిని కూలెంట్, అంటే ఇంజిన్ చుట్టూ తిరుగుతూ దాన్ని చల్లబరిచే ద్రవం, మోసుకొస్తుంది, వాటర్ పంపు ఆ కూలెంట్‌ను తిప్పుతుంది. అందులో కొంత డ్యాష్‌బోర్డు వెనకున్న బుల్లి రేడియేటర్‌లోకి వెళ్తుంది. దాని పేరు హీటర్ కోర్. బ్లోయర్ దాని మీదుగా గాలి ఊదితే మనకు వెచ్చగా తగులుతుంది. ఎంత గాలి కోర్ మీదుగా వెళ్లాలో, ఎంత పక్క నుంచి తప్పుకుని రావాలో లోపలున్న చిన్న తలుపు చూసుకుంటుంది. మనం నాబ్ తిప్పినప్పుడు కదిలేది అదే.

వంటయ్యాక కట్టెల పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద స్నానానికి నీళ్లు పెట్టుకోవడం లాంటిదిది. పొయ్యి సరిగ్గా మండకపోతే నీళ్లు కాగవు. పొయ్యి భగభగ మండుతున్నా కాగు దాని మీద లేకపోతే కాగవు. మీ కారులో ఈ రెండింటిలో ఏది జరుగుతోందో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఎంతసేపట్లో వేడి రావాలి?

సున్నా డిగ్రీల దగ్గర, బండి నడుస్తూ ఉంటే, ఐదు నుంచి పది నిమిషాల్లో వెచ్చటి గాలి రావాలి. మైనస్ 15, మైనస్ 20కి దిగితే ఇంకాస్త పడుతుంది, అది రోగం కాదు. చిన్న ఇంజిన్‌తో ఉన్న పెద్ద ఎస్‌యూవీకీ ఎక్కువసేపే పడుతుంది. పావుగంట నడిపాక కూడా చేతులు రుద్దుకుంటూనే ఉన్నారంటే మాత్రం ఏదో ఉంది. అన్నిటికంటే మంచి కొలత మీ కారే. పోయినేడు ఆఫీసు దారిలో ఫలానా సిగ్నల్ దగ్గరికి వచ్చేసరికి వేడి వచ్చేది, ఈ ఏడు ఆఫీసు గేటు దగ్గరికి వచ్చినా రావడం లేదంటే అనుమానించాల్సిందే.

పొద్దున్నే స్టార్ట్ చేసి అలా వదిలేస్తే త్వరగా వేడెక్కదా?

నిలబడిన బండిలో ఇంజిన్ మీద బరువుండదు. తక్కువ పెట్రోలు కాలుతుంది కాబట్టి తక్కువ వేడి పుడుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగి, అద్దాల మీద మంచు పూర్తిగా గీకేసి, నెమ్మదిగా నడపడం మొదలుపెడితేనే త్వరగా వేడెక్కుతుంది. రిమోట్ స్టార్ట్ వాడేవాళ్లు వాడుకోవచ్చు, అది ఎలాగూ కొన్ని నిమిషాల తర్వాత దానంతటదే ఆగిపోతుంది.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గరాజ్‌లో బండి స్టార్ట్ చేసి వదలకండి, తలుపు తీసి ఉన్నా సరే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గరాజ్ ఇంటికి ఆనుకుని ఉంటే అది ఇంట్లోకే వస్తుంది. మంచు బాగా కురిసిన రోజున సైలెన్సర్ గొట్టం మంచులో కూరుకుపోయి ఉందేమో చూసుకున్నాకే లోపల కూర్చోండి.

సరే, మొదట ఏం చూడాలి?

డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు. పైసా ఖర్చు లేని పరీక్ష. పది, పదిహేను నిమిషాలు నడిపాక ముల్లు మధ్యకు వచ్చి నిలబడితే పొయ్యి బాగానే మండుతోంది, లోపం వేడి లోపలికి వచ్చే దారిలో ఉంది. మధ్యకు రాకపోయినా, వచ్చి హైవే ఎక్కగానే మళ్లీ కిందికి జారినా పొయ్యే సరిగ్గా అంటుకోవడం లేదు.

కొత్త కార్లు కొన్నింటిలో ముల్లే ఉండదు, చల్లగా ఉన్నంతసేపూ నీలం దీపం వెలుగుతుంది. ముల్లున్న వాటిలో కూడా చాలావరకు అది నిజం పూర్తిగా చెప్పదు. ఇంజిన్ వేడి కాస్త అటూ ఇటూ అయినా జనం టెన్షన్ పడకుండా ముల్లు మధ్యలోనే నిలిచేలా తయారు చేస్తారు. అందుకే చవకలో దొరికే ఓబీడీ స్కానర్, అంటే కారు కంప్యూటర్ చెప్పేది చదివి ఫోనుకు పంపే చిన్న పరికరం, ఒకటి కొనుక్కోమంటాను. అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మిన పెట్రోలు కార్లన్నిటికీ స్టీరింగ్ కింద దాని సాకెట్ ఉంటుంది. ఫోనులో కూలెంట్ ఎన్ని డిగ్రీలుందో అంకెల్లో కనిపిస్తుంది. చాలా కార్లలో అది 195 ఫారెన్‌హీట్ దగ్గరికి, అంటే మన లెక్కలో సుమారు 90 డిగ్రీలకు చేరి అక్కడే తచ్చాడాలి. 150, 160 దగ్గరే ఆగిపోతోందంటే కిందిది చదవండి.

ముల్లు పైకి రావడం లేదు. ఏమై ఉంటుంది?

ఎక్కువసార్లు థర్మోస్టాట్. మన మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వ్ అంటారు. లోపల మైనం నింపిన చిన్న డబ్బా, దానికో స్ప్రింగు, అంతే. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు మూసుకుని ఉండి కూలెంట్‌ను రేడియేటర్ వైపు పోనివ్వదు. వేడి చాలినంత వచ్చాక మైనం కరిగి ఉబ్బి వాల్వ్‌ను తెరుస్తుంది. ఏళ్లు గడిచాక అది తెరిచిన చోటే ఇరుక్కుపోవచ్చు. అప్పుడు మొదటి నిమిషం నుంచే కూలెంట్ రేడియేటర్‌లోకి పోయి, బయటి చలికి చల్లారి వస్తుంటుంది. పొయ్యి మీద ఎసరు పెట్టి చన్నీళ్లు పోస్తూ ఉన్నట్టు. హైవే మీద ఎదురుగాలి ఎక్కువ కాబట్టి ఇంకా చల్లారుతుంది. నా సెడాన్‌కు ఉన్న జబ్బు ఇదే.

ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రాత్రంతా నిలిపిన బండిని స్టార్ట్ చేసి, హుడ్ ఎత్తి, ఇంజిన్ నుంచి రేడియేటర్ పైభాగానికి వెళ్లే లావుపాటి రబ్బరు పైపును అప్పుడప్పుడు ముట్టుకుని చూడండి. ఎక్కువ కార్లలో, థర్మోస్టాట్ బాగుంటే ఆ పైపు చాలాసేపు చల్లగానే ఉండి ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నుంచీ కొంచెం కొంచెంగా గోరువెచ్చనవుతూ వస్తే వాల్వ్ తెరిచే ఉంది. తిరిగే బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా చెయ్యి పెట్టండి. మఫ్లర్, స్కార్ఫ్, జడ ఏవీ వేలాడకూడదు.

ఇలాంటప్పుడు చెక్ ఇంజిన్ దీపం వెలిగి, స్కానర్‌లో పి0128 అనే కోడ్ రావచ్చు. ఇంజిన్ ఉండాల్సినంత వేడికి చేరడం లేదని దాని అర్థం. హీటర్ లేకపోయినా ఓర్చుకుంటాం అనుకుని దీన్ని వదిలేయకండి. చల్లటి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది కూడా.

పాత థర్మోస్టాట్ తీశాక అది నిజంగా పాడైందో లేదో చూడాలని ఉంటే గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి కాచండి. తీసేటప్పటికే నోరు తెరుచుకుని ఉంటే కాచే శ్రమ కూడా అక్కర్లేదు. ఆ గిన్నెను మాత్రం తర్వాత వంటకు వాడొద్దు.

మా ఊళ్లో మెకానిక్ "మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు సార్" అని తీసేశాడు. ఫర్వాలేదా?

ఇది మన దగ్గర పాత అలవాటు. విజయవాడ మే నెల ఎండలో ఇంజిన్ హీటెక్కి రోడ్డు మీద ఆగిపోయిన వాళ్లకు ఆ మాట కమ్మగానే వినిపిస్తుంది. వాల్వ్ మూసుకున్న చోట ఇరుక్కుపోతే ఇంజిన్ హీటెక్కడం నిజమే. కానీ దానికి మందు కొత్త వాల్వ్ వేయడం, ఉన్నది తీసి పారేయడం కాదు. పంటి నొప్పికి పన్ను పీకించుకున్నట్టు ఆ పూటకు హాయిగా ఉంటుంది. తర్వాత మైలేజీ తగ్గుతుంది, ఇంజిన్ ఎప్పుడూ తగిన వేడికి రాదు. ఊళ్లో ఉన్నంతకాలం హీటర్ వాడరు కాబట్టి తెలియదు. డిసెంబరులో తెల్లవారుజామున లంబసింగి మంచు చూద్దామని బయల్దేరినప్పుడో, లేహ్ దాకా రోడ్డు మీద వెళ్లాలని సరదా పుట్టినప్పుడో తెలుస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు, అందులో వాల్వ్ అసలు ఉందో లేదో ఓసారి విప్పించి చూసుకుంటే మంచిది.

ముల్లు మధ్యలోనే ఉంది. గాలి మాత్రం చల్లగానే వస్తోంది.

కూలెంట్ ఎంతుందో చూడండి. బండి పూర్తిగా చల్లారాక, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ట్యాంకు మీద కనిష్ఠం, గరిష్ఠం గీతల మధ్య ఉండాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను తిప్పకండి. లోపల ఒత్తిడితో మరిగే నీళ్లుంటాయి, మొహం మీదికి చిమ్ముతాయి.

కొన్ని కార్లలో కోర్ ఉన్న చోటు ఇంజిన్ కంటే ఎత్తు. కూలెంట్ తగ్గితే గాలి చేరేది అక్కడే. ఇంజిన్‌కు చాలినంత ఉంటుంది కాబట్టి ముల్లు మామూలుగానే ఉంటుంది, చలికి వణికేది మనం. స్టార్ట్ చేయగానే డ్యాష్‌బోర్డు వెనక కూజాలోంచి నీళ్లు వంపినట్టు గుడగుడ చప్పుడు వస్తే అది గాలి బుడగల పనే.

సిగ్నల్ దగ్గర ఆగితే చల్లగాలి, రేస్ చేస్తే వేడి గాలి. ఇదేం వింత?

వింతేమీ కాదు, పై జవాబుకు కొనసాగింపే. ఇంజిన్ వేగంగా తిరిగినప్పుడు వాటర్ పంపు గట్టిగా తోస్తుంది, కూలెంట్ ఎలాగో కోర్ దాకా ఎక్కుతుంది. ఐడిల్‌లో ఆ తోపుడు చాలదు. మొదట కూలెంట్ నింపి, గాలి తీయించండి. కొన్ని కార్లలో గాలి తీయడానికి చిన్న స్క్రూ ఉంటుంది. లేనివాటిలో హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, ముందు భాగం కాస్త ఎత్తులో ఉండేలా నిలిపి, చల్లటి ఇంజిన్‌తో మూత తీసి మొదలుపెట్టి నింపుతారు. అయినా తగ్గకపోతే వాటర్ పంపు రెక్కలు అరిగిపోయాయేమో చూడాలి.

నింపిన కూలెంట్ నెలలోపే మళ్లీ తగ్గిందంటే అది ఎక్కడికో పోతోందన్నమాట. నింపుకుంటూ పోవడం వైద్యం కాదు, కారే చోటు వెతకాలి. కింద మరక లేదు, పైపులు పొడిగానే ఉన్నాయి, సైలెన్సర్ నుంచి బండి వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగడం లేదు, ట్యాంకులో బుడగలు వస్తున్నాయి అంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది బ్లాక్‌కూ మధ్య ఉండే పట్టీ) మీద అనుమానం. చలిలో స్టార్ట్ చేసిన కొత్తలో కాస్త తెల్లటి ఆవిరి రావడం మామూలే, దానికి భయపడొద్దు. బండి వేడెక్కాక కూడా వస్తుంటే మాత్రం నడపకుండా మెకానిక్‌కు చూపించండి.

హీటర్ కోర్ పూడుకుపోయింది, మార్చాలి అన్నారు. నమ్మొచ్చా?

నమ్మే ముందు రెండు పైపులు ముట్టుకోండి. ఇంజిన్ వెనక గోడలోంచి, అంటే మన కాళ్ల వైపు, రెండు సన్నటి రబ్బరు పైపులు లోపలికి వెళ్తుంటాయి. ఒకదాంట్లో వేడి కూలెంట్ కోర్‌లోకి పోతుంది, రెండోదాంట్లో తిరిగి వస్తుంది. బండి బాగా వేడెక్కాక, హీటర్ ఫుల్‌లో ఉండగా చూడాలి. చర్మం కాలేంత వేడి ఉండొచ్చు, వేలితో తాకీ తాకనట్టు చాలు.

రెండూ వేడిగా ఉంటే కూలెంట్ కోర్‌లో బాగానే తిరుగుతోంది, లోపం గాలిని మళ్లించే తలుపులో ఉంది. ఒకటి కాలిపోతూ రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్ పూడుకుందన్న మాట నిజం కావచ్చు. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ అక్కడిదాకా రావడమే లేదు: కూలెంట్ తక్కువ, పంపు బలహీనం, లేదా కొన్ని కార్లలో ఆ దారిలో ఉండే హీటర్ వాల్వ్ మూసుకుపోయింది.

నా విషయంలో మొదట వెళ్లిన షాపులో పైపులు కూడా చూడకుండా కోర్ మార్చాలన్నారు. చాలా కార్లలో దానికి డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలి, ఖర్చంతా కూలిదే. వెయ్యి డాలర్లకు పైమాటే చెప్పారు. థర్మోస్టాట్ మారిస్తే సరిపోయింది! అందుకే అంటున్నాను, డ్యాష్‌బోర్డు విప్పుతామన్న మాట వినిపిస్తే ఇంకోచోట కూడా అడగండి.

నిజంగా పూడుకుపోయినా, మార్చే ముందు ఫ్లష్ చేయించొచ్చు. రెండు పైపులూ ఊడదీసి, కూలెంట్ బయటికి వచ్చే పైపు వైపు నుంచి మామూలు తోట పైపుతో, తక్కువ ఒత్తిడితో నీళ్లు వదిలితే లోపలి తుప్పు, పాకుడు ఎదురుదిక్కుగా బయటికి వస్తాయి. ఒత్తిడి ఎక్కువ పెడితే పాత కోర్ చిరుగుతుంది. లీకులు మూసే మందు రేడియేటర్‌లో పోసినవాళ్లకు ఈ పూడిక త్వరగా వస్తుంది. ఆ మందు లీకు ఏదో, కోర్‌లోని సన్నటి గొట్టం ఏదో తేడా తెలుసుకోదు మరి.

నా వైపు వేడి, పక్క సీట్లో మా ఆవిడకు చలి. కారు కూడా పక్షపాతం చూపిస్తోందా?

రెండు వైపులా విడివిడిగా డిగ్రీలు పెట్టుకునే కార్లలో గాలిని మళ్లించే ఆ చిన్న తలుపులు, అంటే బ్లెండ్ డోర్లు, రెండుంటాయి. వాటిని చిన్న మోటార్లు తిప్పుతాయి. అందులో ప్లాస్టిక్ పళ్లు విరిగితే తలుపు చల్లటి వైపే ఇరుక్కుంటుంది. డిగ్రీలు మార్చినప్పుడు డ్యాష్‌బోర్డులో టకటకమని చప్పుడు వస్తే దాదాపు ఖాయం. కూలెంట్ తక్కువైనా, కోర్ సగం పూడుకున్నా ఇలాగే ఒకవైపు చల్లబడొచ్చు కాబట్టి ముందు అవి చూసుకోండి.

గాలే సరిగ్గా రావడం లేదు.

క్యాబిన్ ఫిల్టర్, అంటే కారు లోపలికి వచ్చే గాలిని వడగట్టే జల్లెడ, చూడండి. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, పది నిమిషాల పని. ఆకులూ ఎలుక గూళ్లూ చూశాను అందులో.

కూలెంట్ బదులు నీళ్లు పోయొచ్చా?

దారిలో ఇరుక్కుపోతే, షాపు దాకా వెళ్లడానికి, అదీ గడ్డకట్టే చలి లేనప్పుడు. లేదంటే వద్దు. గడ్డకట్టిన నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఇంజిన్ బ్లాక్‌నే పగలగొట్టగలదు. మన బోరు నీళ్లయితే లోపల సున్నపు పొర కట్టి కోర్‌ను పూడుస్తాయి. కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌ను డిస్టిల్డ్ నీళ్లతో సగానికి సగం కలిపితే సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు.

"చలి ఎక్కువ కదా, నీళ్లు కలపకుండా పోద్దాం" అనుకునేవాళ్లున్నారు. అది తిరగబడుతుంది. నీళ్లు లేని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, వేడిని మోయడంలోనూ నీళ్లు కలిపినదాని కంటే తీసికట్టు. కొనేటప్పుడు సీసా మీద చూడండి, ముందే కలిపి ఉన్నవీ ఉంటాయి, కలుపుకోవాల్సినవీ ఉంటాయి. రంగు చూసి కొనకండి, కారు పుస్తకంలో చెప్పిన రకమే పోయండి. ఇది తియ్యగా ఉండే విషం. కింద ఒలికితే వెంటనే కడిగేయాలి, కుక్కలూ పిల్లలూ నాకుతారు.

లోపల తీపి వాసన, అద్దం మీద జిడ్డు పొగమంచు. శుభ్రం చేస్తే పోతుందా?

పోదు. కోర్ కారుతోంది. పక్క సీటు ముందు మ్యాట్ కింద చెయ్యి పెట్టి చూడండి, తడిగా జారుడుగా ఉంటే ఇక సందేహం లేదు. ఇలాంటప్పుడు చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు.

డీజిల్, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కూడా ఇంతేనా?

డీజిల్ ఇంజిన్ వృథా చేసే వేడి తక్కువ కాబట్టి స్వభావరీత్యా మెల్లగా వేడెక్కుతుంది. అందుకే చలి దేశాల్లో అమ్మే చాలా డీజిల్ కార్లకు చిన్న కరెంటు హీటర్ అదనంగా పెడతారు, అది పాడైతే ఆలస్యం బాగా తెలుస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజిన్ మాటిమాటికీ ఆగుతుంది. హీటర్ ఎక్కువ పెడితే కేవలం వేడి కోసమే ఇంజిన్ స్టార్ట్ అవడం చూసి కంగారుపడకండి.

ఎలక్ట్రిక్ కారులో కథే వేరు. ఇంజిన్ లేదు, థర్మోస్టాట్ గొడవ లేదు. కరెంటు హీటరో హీట్ పంపో ఉంటుంది, ఒకటి రెండు నిమిషాల్లో వెచ్చదనం వస్తుంది. ఆ కరెంటు బ్యాటరీలోంచే కాబట్టి రేంజ్ తగ్గుతుంది. చార్జర్‌కు తగిలించి ఉండగానే ఫోనులోంచి లోపల వేడి చేసుకుని బయల్దేరడం వాళ్లకున్న సుఖం.

రిపేరు చేయించేలోపు ఏం చేస్తే కాస్త వెచ్చగా ఉంటుంది?

స్టార్ట్ చేయగానే బ్లోయర్ ఫుల్‌లో పెట్టకండి. చల్లటి గాలి మొహాన కొట్టడమే కాక, కోర్‌లోకి అప్పుడప్పుడే వస్తున్న కొద్దిపాటి వేడిని కూడా లాగేస్తుంది. ముల్లు కదలడం మొదలయ్యాక ఒక్కో గీత పెంచండి. ఆటో మీద పెడితే చాలా కార్లు ఈ పని తామే చేస్తాయి.

లోపలి గాలే తిప్పే బటన్ నొక్కితే త్వరగా వెచ్చబడుతుంది, కానీ అద్దాలకు ఆవిరి పడుతుంది, కాసేపు వాడి తీసేయండి. ముందు అద్దం మీదికి గాలి పెట్టినప్పుడు ఏసీ దీపం వెలిగితే ఆర్పకండి, అది గాలిలోని తేమ తీయడానికి. గడ్డకట్టిన అద్దం మీద వేడినీళ్లు పోస్తే అద్దం పగలొచ్చు. సీటు హీటర్ ఉంటే దాన్ని మించింది లేదు, ఇంజిన్‌తో పనిలేకుండా రెండు నిమిషాల్లో వెచ్చబడుతుంది.

షాపుకు వెళ్లినప్పుడు ఏం చెప్పాలి?

"హీటర్ పనిచేయడం లేదు" అని మాత్రం చెప్పకండి. అలా చెబితే హీటర్‌నే విప్పుతారు. చూసింది చూసినట్టు చెప్పండి: ఎన్ని నిమిషాలు నడిపాక ముల్లు ఎక్కడుంది, స్కానర్‌లో ఎన్ని డిగ్రీలు, హైవే మీద పెరిగిందా తగ్గిందా, ఆగినప్పుడు చల్లబడుతోందా, రెండు పైపుల్లో ఏది వేడి, కూలెంట్ ఎప్పుడు ఎంత తగ్గింది. ముందురోజు రాత్రే బండిని వాళ్ల దగ్గర వదిలి, పొద్దున చల్లటి ఇంజిన్‌తోనే చూడమనండి. వేడిగా ఉన్న బండిని తీసుకెళ్తే "బానే వస్తోంది కదా సార్" అని ఏ దేశంలో అయినా తాళాలు చేతిలో పెడతారు.